ఏడేళ్ళు నిండాక మా ఊరికి వచ్చే బండి

ఇది వాహనాల చరిత్రకు సంబంధించిన టపా. అయితే మొదలుపెట్టడం మాత్రం మా చిన్నాయన కారు బ్రేకుతోనే మొదలుపెట్టాలి.

మాది పెద్దమండ్యం. ఒకప్పటి చిత్తూరు జిల్లాలో కడప జిల్లా సరిహద్దుకు దగ్గరగా ఉన్న మెట్ట మండలం. వేరుశెనగ, టమోటా, వాన కోసం ఎదురుచూపు, ఇవి మా పంటలు. మా వైపు కొత్త కారు కొనేవారు తక్కువ. బెంగళూరులో ఎవరో కొని, కొన్నేళ్ళు నడిపి, విసుగొచ్చి అమ్మిన బండి మదనపల్లె చేరుతుంది. అక్కడ మరొకరి చేతిలో మూడు నాలుగేళ్ళు తిరిగి, ఆ తర్వాత మా మండలానికి వస్తుంది. మా చిన్నాయన అలాంటి కారునే కొన్నాడు. ఆయన దానికి మూడో యజమాని. కారు వయసు అప్పటికి ఎనిమిదేళ్ళు. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు, తిరుమల యాత్రలకు బాడుగకు తిప్పేవాడు.

ఆ కారుకు ఒక జబ్బు ఉండేది. ఉన్నట్టుండి బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుపోయేది. రెండు కాళ్ళ బలం పెట్టి తొక్కితే తప్ప బండి ఆగేది కాదు. ఒకసారి పెళ్ళివారితో భాకరాపేట ఘాటు దిగుతూ ఉండగా అలా జరిగింది. చిన్నాయన గేరు దించి, కొండవైపుకు ఒరిపించి ఆపాడట. మదనపల్లెలో మెకానిక్ చూసి, ఇంజను నుంచి బ్రేకుకు వెళ్ళే రబ్బరు గొట్టం చీలిందని చెప్పి, ఆ చీలిక మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించాడు. మళ్ళీ చీలింది. మళ్ళీ చుట్టాడు. మూడోసారి నేనూ అక్కడే ఉన్నాను.

"అన్నా, ఇది నీ బండికి ఒక్కదానికే కాదు. ఈ మోడలు బండ్లు నా కాడికి ఇంకో మూడొచ్చినాయి. మూడిటికీ ఈడనే చీలింది" అన్నాడు మెకానిక్.

"బండన్నాక ఏదో ఒకటి ఉంటాదిలేప్పా" అన్నాడు చిన్నాయన, డబ్బులు లెక్కపెట్టి ఇస్తూ.

నాకు మాత్రం ఆ మాట లోపల గుచ్చుకుంది. నాలుగు బండ్లు ఒకే చోట చీలితే అది నాలుగు బండ్ల తప్పు కాదు, ఆ గొట్టాన్ని అలా చేసినవారి తప్పు. చిన్నాయన దగ్గర ఆర్సీ అడిగి, అందులోని ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూశాను. ఆ కారు నాలుగేళ్ళ వయసులో ఉన్నప్పుడే కంపెనీ ఆ గొట్టంలో లోపం ఉన్నదని ప్రకటించి, ఉచితంగా మారుస్తామని పిలుపునిచ్చింది. ఆ ఉత్తరం బెంగళూరులోని మొదటి యజమానికి వెళ్ళి ఉండాలి. మా చిన్నాయనకు రాలేదు. ఎందుకు రాలేదు అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అరవై ఏళ్ళ చరిత్ర బయటపడింది.

*

ఎద్దులబండి రోజుల్లో ఈ సమస్యకు తావు లేదు. బండి చేసిన వడ్రంగి ఊళ్ళోనే ఉంటాడు. ఇరుసు విరిగినా, చక్రం ఆకులు వదులైనా ఆయన ఇంటిముందే నిలబడి అడగవచ్చు. ఆయన చేసిన ఒక బండిలో తేడా వస్తే ఊరంతటికీ తెలుస్తుంది కాబట్టి మిగతా బండ్లనూ ఆయనే చూసుకునేవాడు. మోటారు వాహనం వచ్చాక చేసినవాడు ఎక్కడో, నడిపేవాడు ఎక్కడో అయ్యారు. ఆ దూరంతో పాటు మరొకటి కూడా వచ్చింది. ప్రమాదం జరిగితే తప్పు నడిపేవాడిదే అన్న నమ్మకం. చేసినవాడు కంటికి కనిపించడు, డ్రైవరు మాత్రం అక్కడే, రక్తం కారుతూ, కనిపిస్తాడు.

ఈ నమ్మకాన్ని మొదట గట్టిగా ప్రశ్నించింది అమెరికాలో. 1965 నవంబరులో రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అనే పుస్తకం ప్రచురించాడు. ఏ వేగంతో నడిపినా కొన్ని కార్లు ప్రమాదకరమేనని, లోపం తయారీలోనే ఉన్నదని అందులో వాదించాడు. జనరల్ మోటార్స్ వారి కోర్‌వేర్ కారు వెనుక చక్రాల అమరికతోనే ఆ పుస్తకం మొదలవుతుంది. ఆ కంపెనీ జవాబు చెప్పకుండా నాడర్ వెనుక గూఢచారులను పెట్టింది. సంగతి బయటపడి, 1966 మార్చిలో సెనేట్ ఉపసంఘం ముందు కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ రోష్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహన భద్రతా చట్టం మీద సంతకం చేశాడు.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటి ఉన్నది. 1966 చట్టం ప్రకారం లోపం ఉన్నదని తెలిస్తే కంపెనీ యజమానికి ఉత్తరం రాయాలి. అంతవరకే. బాగుచేయించి ఇవ్వాలన్న నిబంధన లేదు. ఉత్తరం కూడా ముఖ్యంగా మొదట కొన్న మనిషికే. వారంటీ బదిలీ అయి ఉంటే తప్ప తర్వాత కొన్నవారికి రాయనక్కరలేదు. ఈ రెండు లోపాలనూ 1974లో సవరించారు. అప్పటినుంచి మరమ్మతు ఉచితంగా చేయాలి. ఉత్తరం, ప్రభుత్వ రిజిస్ట్రేషను పుస్తకాల్లో ఇప్పుడు ఎవరి పేరున్నదో వారికి వెళ్ళాలి. మా చిన్నాయన పడ్డ గొయ్యిని అక్కడ యాభై ఏళ్ళ కిందటే గుర్తించి పూడ్చారన్నమాట.

ఆ చట్టానికి పదును ఎంతో 1978లో తెలిసింది. ఫోర్డు పింటో కారును వెనుకనుంచి మరో బండి గుద్దితే పెట్రోలు ట్యాంకు చిట్లి మంటలు లేస్తున్నాయని ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. చివరకు ఆ ఏడాది జూనులో 1971-76 మధ్య తయారైన సుమారు 15 లక్షల కార్లను ఫోర్డు వెనక్కి పిలిచింది. చేసిన మరమ్మతులో ముఖ్యమైనది, ట్యాంకుకు అడ్డంగా ఒక ప్లాస్టిక్ రేకు.

అమెరికాలో చదువుకోవడానికి వెళ్ళి, మొదటి సెమిస్టరులోనే పదేళ్ళు దాటిన హోండానో టయోటానో కొన్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి ఏదో ఒకరోజు ఇంటికి 'మీ కారులో భద్రతా లోపం ఉన్నది, డీలరు దగ్గర ఉచితంగా మార్పించుకోండి' అని ఉత్తరం వచ్చే ఉంటుంది. నాలుగో యజమానికి కూడా ఆ ఉత్తరం రావడం వెనుక ఉన్నది ఆ 1974 సవరణే. అక్కడ కూడా ఉచిత మరమ్మతుకు కాలపరిమితి ఉన్నది. మొదట్లో ఎనిమిదేళ్ళు, తర్వాత పదేళ్ళు, 2015 చట్టంతో పదిహేనేళ్ళు అయింది.

*

ఇక మన దేశం. 1914లో ఒక మోటారు వాహనాల చట్టం, 1939లో ఒకటి, 1988లో ఒకటి వచ్చాయి. లైసెన్సు, పర్మిటు, రిజిస్ట్రేషను, బీమా, డ్రైవరుకు శిక్షలు, అన్నిటికీ సెక్షన్లు ఉన్నాయి. లోపమున్న వాహనాన్ని తయారీదారు వెనక్కి పిలవాలన్న నిబంధన మాత్రం ఈ మూడింటిలోనూ లేకపోయింది. 1988 చట్టంలోకి అది రావడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది. అంతవరకు కంపెనీ దయ, యజమాని ప్రాప్తం.

కంపెనీలు పిలవలేదని కాదు. 2010 ఫిబ్రవరిలో మారుతి సంస్థ ఇంధన పంపు దగ్గరి గాస్కెట్టు మార్చడానికి లక్ష ఎ-స్టార్ కార్లను పిలిచింది. 2012 జూలైలో తయారీదారుల సంఘమైన సియామ్ తమకు తామే ఒక నియమావళి రాసుకున్నది. ఆ మరుసటి ఏడాది జూలైలో జనరల్ మోటార్స్ 1.14 లక్షల టవేరా బండ్లను పిలిచింది. మా వైపు టవేరా అంటే తెలియనివారు ఉండరు. పది మందిని ఎక్కించుకుని తిరుమలకు వెళ్ళే బండి అది. అక్కడ లోపం బ్రేకుల్లో కాదు, పొగ ప్రమాణాల్లో. పరీక్షలకు పంపిన ఇంజన్లు వేరు, జనానికి అమ్మినవి వేరు అన్నట్టుగా నడిచిందని ప్రభుత్వం నియమించిన కమిటీ తేల్చింది. ప్రభుత్వ పరీక్షకులకు సంవత్సరాల తరబడి అందని విషయం, కంపెనీ తానై చెప్పేదాకా బయటకు రాలేదు. 2017 చివరికి ఆ కంపెనీ మన దేశంలో అమ్మకాలే మానేసింది. టవేరాలు మాత్రం మా రోడ్ల మీద ఆ తర్వాత కూడా తిరిగాయి.

అదే 2013లో, అక్టోబరు 30 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి హైదరాబాదు వెళుతున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొని తగలబడింది. 45 మంది సజీవదహనమయ్యారు. మొదట వచ్చిన ప్రశ్న, డ్రైవరు ఎంత వేగంగా నడిపాడు అన్నదే. అది అడగవలసిన ప్రశ్నే. కానీ ఇంధన ట్యాంకు ఎక్కడ ఉండాలి, మంట లేచాక తలుపు తెరుచుకోకపోతే మనిషి ఎటునుంచి దూకాలి, రోడ్డు పక్కన ఆ గోడ అలా ఎందుకున్నది అన్న ప్రశ్నలు తర్వాత మెల్లగా వచ్చాయి. పన్నెండేళ్ళకు, 2025 అక్టోబరు 24న, అదే హైదరాబాదు-బెంగళూరు దారిలో కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మరో ప్రైవేటు బస్సు కాలిపోయి, మోటారు సైకిలు నడిపిన యువకుడితో కలిపి ఇరవై మంది చనిపోయారు. సీట్ల బస్సుగా రిజిస్టరైన బండిని పడకల బస్సుగా మార్చారని అప్పుడు వార్తలు వచ్చాయి. చేసినవాడు ఒకడు, మార్చినవాడు ఒకడు అయినప్పుడు ఎవరిని పిలవాలి?

2019 ఆగస్టులో వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం ఎట్టకేలకు 110-ఎ అనే సెక్షను చేర్చింది. వాహనంలోని లోపం వల్ల ప్రయాణికులకు గాని, రోడ్డు మీది ఇతరులకు గాని, పర్యావరణానికి గాని హాని ఉందని తేలితే కేంద్ర ప్రభుత్వం వెనక్కి పిలవమని ఆదేశించవచ్చు. కంపెనీ బాగుచేయాలి, లేదా మరో బండి ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగి ఇవ్వాలి. తన తప్పు తానే గుర్తించి పిలిస్తే జరిమానా లేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఆదేశం మీద పిలవవలసి వస్తే జరిమానా పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు. ఏటా ఎన్ని బండ్లు అమ్ముడయ్యాయో చూసి, అందులో ఇన్ని ఫిర్యాదులు వస్తే విచారించాలని ఒక లెక్క. ఈ నిర్బంధ పిలుపు ఏడేళ్ళ లోపు వాహనాలకు వర్తిస్తుంది.

ఏడేళ్ళు. ఈ అంకె దగ్గర నేను ఆగిపోయాను.

*

నిబంధనలు వచ్చిన మరుసటి ఏడాదే వాటి అవసరం మన ఇళ్ళలోకే వచ్చింది. 2022 ఏప్రిల్ మూడో వారంలో నిజామాబాదులో ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ ఇంట్లో ఛార్జి అవుతూ పేలి ఎనభై ఏళ్ళ వృద్ధుడు మరణించాడు. ఏప్రిల్ 23న విజయవాడలో, ముందురోజే కొన్న స్కూటరు బ్యాటరీని పడకగదిలో ఛార్జింగుకు పెట్టి నిద్రపోయిన కుటుంబంలో ఇంటి యజమాని చనిపోయాడు. దేశమంతటా గొడవ లేచి ఆ నెలలోనే ఒకినావా 3,215, హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలిచాయి. హైదరాబాదులోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థకు చెందిన టాటా నరసింగరావు అధ్యక్షతన వేసిన కమిటీ సిఫార్సులతో బ్యాటరీ ప్రమాణాలను బిగించి, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి చివరినుంచి రెండు దశలుగా అమలులోకి తెచ్చారు. కొత్త బండి, కొత్త యజమాని, బిల్లు మీద చిరునామా, పత్రికల్లో పెద్ద వార్త, ఇవన్నీ కలిసినప్పుడు వ్యవస్థ కదలగలదని అప్పుడు తెలిసింది.

మాకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి. మా ఊరినుంచి ములకలచెరువు, కదిరి మీదుగా వెళితే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం వస్తుంది. అక్కడ తయారైన కారెన్స్ కార్లను 44,174, 2022 అక్టోబరులో కంపెనీ వెనక్కి పిలిచింది. గుద్దుకున్నప్పుడు గాలిసంచి తెరవాలో వద్దో నిర్ణయించే పరికరాన్ని పరీక్షించి, అవసరమైతే సాఫ్ట్‌వేరు మార్చడానికి. 2024 ఫిబ్రవరిలో గేరుబాక్సుకు నూనె పంపే పంపు నియంత్రికలో తేడా వచ్చిందని 4,358 సెల్టాసులను పిలిచింది. కంపెనీ తనకు తానుగా పిలవడం మంచిదే, అందులో సందేహం లేదు. కానీ 2022లో ఎర్రమంచి గేటు దాటిన ఆ కారు ఎక్కడెక్కడో తిరిగి మా మండలానికి వచ్చేసరికి 2029 దాటుతుంది. అప్పటికి దానికి ఏడేళ్ళు నిండుతాయి. పొరుగు జిల్లాలో పుట్టిన బండి మా ఊరు చేరేసరికి, ఆ తర్వాత దానిలో ఏ కొత్త లోపం బయటపడినా ప్రభుత్వం నిర్బంధంగా పిలిపించే గడువు దాటిపోయి ఉంటుంది.

లోపాలన్నీ ఏడేళ్ళలోపే బయటపడతాయా అంటే, లేదు. జపానుకు చెందిన టకాటా కంపెనీ గాలిసంచుల కథ చూడండి. వాటిని ఊదే అమ్మోనియం నైట్రేటు, ఏళ్ళ తరబడి వేడికి, తేమకు పాడై, ప్రమాద సమయంలో లోహపు డబ్బాను పగలగొట్టి ముక్కలను మనిషి మీదికి విసిరేది. బండి ఎంత పాతదైతే, ఊరు ఎంత వేడిదైతే ప్రమాదం అంత ఎక్కువ. ప్రపంచమంతటా సుమారు పది కోట్ల గాలిసంచులను మార్చవలసి వచ్చింది. మన దేశంలో హోండా ఒక్కటే 2016 జూలైలో లక్షా తొంభై వేలకు పైగా కార్లను పిలిచింది. వయసుతో ముదిరే లోపానికి వయసు చూసి గడువు పెట్టడం ఎలా?

ఇంకొక సంగతి ఆ మెకానిక్ మాటల్లోనే ఉన్నది. ఆయన చేతికి నాలుగు బండ్లు వచ్చాయి, నాలుగింటికీ ట్యూబు ముక్క చుట్టాడు. పక్క ఊరి మెకానిక్ మరో నాలుగింటికి చుట్టి ఉంటాడు. పుంగనూరులో, కుప్పంలో మరికొందరు. ఎవరికి వారు తమ తెలివితో బాగుచేసుకున్నారు. ఎవరూ ఎక్కడా కాగితం మీద పెట్టలేదు. చట్టం ఫిర్యాదులను లెక్కపెడుతుంది, ట్యూబు ముక్కలను లెక్కపెట్టదు. ఏదో ఒకటి చేసి బండిని ఇంటికి చేర్చే మన పల్లెల పనితనం గొప్పదే. నేను దాన్ని చూసి పెరిగాను, గర్వపడ్డాను కూడా. కానీ ఆ పనితనమే లోపాన్ని తయారీదారు కంట పడకుండా దాచింది. చిన్నాయన 'బండన్నాక ఏదో ఒకటి ఉంటాది' అన్నప్పుడు, బాధ్యతను కంపెనీ మీదనుంచి తీసి తన విధి మీద వేసుకున్నాడు. రాల్ఫ్ నాడర్ 1965లో పోరాడింది సరిగ్గా ఈ ఆలోచనతోనే.

*

చివరకు ఏమయిందో చెప్పాలి కదా. ఛాసిస్ నంబరు రాసుకుని చిన్నాయనా నేనూ షోరూముకు వెళ్ళాము. ఆ పిలుపు కంపెనీ తనకు తానుగా ఇచ్చినది కాబట్టి ఇంకా చెల్లుతుందన్నారు. కౌంటరులోని అబ్బాయి కంప్యూటరులో చూసి, "మీకు ఉత్తరం రాలేదా సార్?" అని అడిగాడు. చిన్నాయన నావైపు చూశాడు. గొట్టం తెప్పించడానికి వారం పట్టింది, మార్చడానికి అరగంట. పైసా తీసుకోలేదు. తిరిగి వస్తూ దారిలో చాలాసేపు ఆయన మాట్లాడలేదు. తర్వాత, "ఆ పొద్దు ఘాట్లో బండి నిండా ఆడోళ్ళు, బిడ్డలు ఉండ్రి నాయనా. నాదే తప్పనుకుంటిని, సరిగ్గా తొక్కలేదేమో అనుకుంటిని" అన్నాడు.

రెండేళ్ళు ఆయన ఆ భయాన్ని తన కాలి తప్పుగా మోశాడు. అమెరికా వారు 1974లో చేసిన ఆ చిన్న సవరణ, అంటే ఉత్తరం ఇప్పటి యజమానికి చేరాలన్న ఒక్క నియమం, ఇక్కడ గట్టిగా పాటించి ఉంటే ఆ రెండేళ్ళు ఉండేవి కావు. చేతులు మారిన ప్రతిసారీ ఆర్టీవో ఆఫీసులో రుసుము కట్టి పేరు మార్పించుకుంటూనే ఉన్నాము. ఆ పేర్లు, ఆ చిరునామాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.

ఒక మనవి. ఈ పండక్కి ఊరికి వెళ్ళినప్పుడు నాన్నగారిదో, మామయ్యదో, పక్కింటి వారిదో పాత బండి ఆర్సీ తీసి, ఛాసిస్ నంబరును ఆ కంపెనీ వెబ్‌సైటులో ఒకసారి చూడండి. ఐదు నిమిషాల పని. లోపం కనబడితే వారిచేత ఫిర్యాదు కూడా రాయించండి, ట్యూబు ముక్కతో సరిపెట్టవద్దు.

ఇంకొక చిన్న కోరిక, భాషాభిమానులకు. 'రీకాల్' అన్నదానికి మనకు మంచి మాట లేదు. పత్రికలు 'వెనక్కి పిలిపించుకుంది' అని రాస్తాయి, తప్పు చేసిన పిల్లవాణ్ణి పిలిచినట్టు. 'పునరాహ్వానం' అంటే పెళ్ళిపత్రికలా ఉన్నది. నాకు తోచినది 'దిద్దుపిలుపు'. అంతకంటే మంచిది మీకు తడితే వ్యాఖ్యలో రాయగలరు. మాట ఉంటే అడగడం తేలిక. మా చిన్నాయనకు అడగడానికి మాట కూడా లేకపోయింది.